మూడో పిలుపు మనిషిది

మా టీచరమ్మ పోయారన్న కబురు ఆవిడ ఫోన్ నంబరు నుంచే మాకు వచ్చింది. గట్టు మీద కాఫీ గింజలు ఆరబోస్తున్న చేతులతోనే ఫోన్ తీశాను. క్లాసు గ్రూపులో మెసేజి. పైన ఆవిడ పేరు, పక్కన గుండ్రటి ఫొటోలో ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకుని నవ్వుతూ ఆవిడ. కింద ఒకటే వాక్యం: "అమ్మ ఈ ఉదయం విశాఖ ఆసుపత్రిలో చనిపోయింది, గుండెపోటు." రాసింది ఆవిడ కొడుకు. ఆ సంగతి నాకు వెంటనే తట్టలేదు. ఆ నంబరు నుంచి వచ్చిన ప్రతి మాటనీ ఇన్నేళ్ళూ ఆవిడ గొంతుతోనే చదువుకున్నదాన్ని కనుక దీన్నీ అలాగే చదివాను. పాపం, టీచరమ్మ వాళ్ళమ్మ పోయిందనుకున్నాను.

నేనొక్కదాన్నే కాదు, గ్రూపంతా అలాగే అనుకుంది. ఏ మెసేజి వచ్చినా అందిందని చెప్పాలని ఆవిడే మాకు నేర్పారు. అందుకని "ఓకే టీచరమ్మా", "ఓకే టీచరమ్మా" అని వరసగా జవాబులు పడ్డాయి. వాటి కింద చిలకమ్మ అనే మా విద్యార్థిని వాయిస్ మెసేజి పెట్టింది. "అయ్యో టీచరమ్మా, ఏడవకండి. మీరేటైనా తిన్నారా?" ఆ మెసేజి కింద నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు రాలేదు. చాలాసేపటికి ఆ అబ్బాయే నాకు ఫోన్ చేసి, పోయింది తన తల్లి అని, అంటే మా టీచరమ్మేనని విడమరిచి చెప్పాడు. చనిపోయిన మనిషినే, ఏమైనా తిన్నారా అని అడిగాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆవిడ బతికుండి వింటే మాత్రం కడుపు పట్టుకుని నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో మీకు చెప్పాలంటే మొదటి క్లాసు దాకా వెనక్కి వెళ్ళాలి.

అరకు పైన, జీపు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా ఎక్కాల్సిన ఊరు మాది. బడులు మూసేసి చదువులు ఫోన్లలోకి వచ్చిన ఆ రోజుల్లో, మధ్యలో ఆపేసిన ఇంటర్ మళ్ళీ మొదలుపెట్టాను. ఇంటి దగ్గరే కూర్చుని ఫోన్లో చదువుకునే కోర్సు. ఇంటి దగ్గర అని వాళ్ళన్నారు గానీ మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. ఊరి వెనక గట్టెక్కి, పనసచెట్టు దాటాక ఉన్న బండ మీద కూర్చుంటే రెండు గీతలు వస్తాయి. అదే నా కాలేజీ.

టీచరమ్మది బొబ్బిలి వైపు. పాడేరులో రేకుల ఇంట్లో అద్దెకుండి మాకు జీవశాస్త్రం చెప్పేవారు. మా డేటా అయిపోతుందని కెమెరా ఆపేసి, ఒట్టి గొంతుతో చెప్పేవారు. మొదటి రోజు హాజరు పిలిచారు. ఒక్కరూ పలకలేదు. మేమందరం ఉన్నాం, ఎవరి బండ మీద వాళ్ళం, ఎవరి చెట్టు కింద వాళ్ళం, చెవులు రిక్కించుకుని వింటున్నాం. పేరు వినపడగానే మాత్రం నోళ్ళు మూతపడిపోయేవి. కోర్సు వ్యవహారాలు చూసే కోఆర్డినేటరు గారు "ఏజెన్సీ వాళ్ళకి చదువు మీద ధ్యాస ఉండదండీ, ఆబ్సెంట్ వేసెయ్యండి" అన్నారట. ఆవిడ వెయ్యలేదు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశారు.

నాకు చేసినప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. "నేను పిలిస్తే ఎందుకమ్మా పలకవు?" అని ఆవిడ అడిగారు. మా అమ్మ ఫోన్ లాక్కుంది. మా అమ్మకి తెలుగు కొంచెం తక్కువ, మొహమాటం బొత్తిగా లేదు.

"ఒక్క కేకేసి ఊరుకుంటావు, ఎలాగ పలుకుతాదమ్మా? మొదటి కేక గాలిది. రెండో కేక కొండది. మూడోది మనిసిది. మొకం అవుపడని గొంతు పేరెట్టి పిలిస్తే మూడోదాకా పలక్కూడదు. బేగి పలికితే పట్టుకుపోతాది."

"ఏది పట్టుకుపోతుందమ్మా?"

"ఏదో. దాని పేరు సెప్పకూడదు."

ఇది చదివి మీరు నవ్వుకుంటారేమో. మా కొండల్లో ఇది నవ్వులాట కాదు. పొగమంచులో వినపడిన గొంతుకి తొందరపడి పలికి, అటు నడిచి, లోయలో పడిపోయినవాళ్ళ కథలు వింటూ పెరిగినవాళ్ళం మేము. మూడోసారి పిలిచిందంటే అది మనిషే. అప్పుడూ పలక్కపోతే అంతకన్నా పాపం లేదు, ఆపదలో ఉన్న మనిషిని వదిలేసి వచ్చినట్టే. ఫోన్లో చుట్టాలు మాట్లాడితే మాకు భయం లేదు, ఆ గొంతులు ఎరుగుదుం. ఎరగని గొంతు, ముఖం లేకుండా, మా పేర్లన్నీ వరసపెట్టి పిలుస్తుంటే ఏం చెయ్యాలో మా పెద్దవాళ్ళు చెప్పిపోలేదు. ఉన్న పద్ధతే పాటించాం.

ఆవిడకి కోపం వచ్చిందేమోనని నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ నెమ్మదిగా, "మరి నేను మనిషినేనని మీ పిల్లకి ఎలా తెలియాలమ్మా?" అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. మా అమ్మ ఆలోచించింది.

"ఏటి తిన్నావో సెప్పు. దెయ్యానికి పేరు తెలుస్తాది గానీ కూడు తెలీదు."

మర్నాడు క్లాసు ఇలా మొదలైంది: "పొద్దున చోడి అంబలి తాగాను. నంజుకోడానికి పచ్చిమిరపకాయ కొరికితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి." తర్వాత నా పేరు పిలిచి ఆగారు. మళ్ళీ పిలిచి ఆగారు. మూడోసారి పిలిచారు. "ఓయ్ టీచరమ్మా!" అని గట్టు మీద నుంచి అరిచాను. ఒకరి తర్వాత ఒకరు అందరూ పలికారు. పేర్లతోనే గంటా అయిపోయింది, పాఠం ఒక్క ముక్క జరగలేదు. ఆవిడకి దాని గురించి ఏ బాధా లేదు.

అప్పటి నుంచి అదే ఆనవాయితీ. ముందు తిండి సంగతి, తర్వాత కేకలు, ప్రశ్న అడిగాక ఆగడం. ఫోన్లో పాఠం చెప్పేవాళ్ళకి నిశ్శబ్దం అంటే చచ్చేంత భయం. ప్రశ్న అడిగి, మనం ఊపిరి తీసుకునేలోపు జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. ఈవిడ ఆగేవారు. ఆ ఖాళీలో ఆవిడ ఇంటి కుక్కరు కూత, రేకుల మీద కాకి నడక, దూరంగా బస్సు హారను వినపడేవి. "నేను ఊరుకున్నంతసేపూ మీ వంతు" అనేవారు. అర్థమైందా అని మాత్రం అడిగేవారు కాదు. "అర్థమైందా అంటే అయిందంటారు. అది జవాబు కాదర్రా, దండం" అనేవారు. మొక్క ఆకుల్లోంచి నీళ్ళు వదులుతుందని చెప్పి, "ఇది మీ పెరట్లో ఎక్కడ కనపడింది?" అని అడిగేవారు. పెరడంతా వెతుక్కుని మర్నాడు చెప్పేవాళ్ళం.

తప్పు చెబితే ఆవిడకి సంబరం. గుండెకి రెండే గదులని ఒకసారి నేను గట్టిగా వాదించాను.

"ఎందుకే రెండు?"

"మా ఇంటికీ రెండే టీచరమ్మా. వంటకొకటి, పడకకొకటి."

"మరి మేకలెక్కడుంటాయి?"

"బయట."

"నెత్తురు బయటుంటే కుదరదు కదా తల్లీ. ఇంకో రెండు గదులు కట్టు."

ఇప్పటికీ గుండె బొమ్మ చూస్తే నాకు మేకలే గుర్తొస్తాయి. ఆ నాలుగు గదుల్లోనే ఏదో అడ్డం పడి ఆవిడ పోయారంటే నాకు నమ్మబుద్ధి కాదు.

మా భాషలో జవాబు చెప్పినా కాదనకపోగా ఆ మాటలు నేర్చుకుని మా మీదే ప్రయోగించేవారు. "వింటున్నారా" అని మా భాషలో అడగబోయి ఒకసారి "ఉడుకుతున్నారా" అని అడిగారు. కొండంతా నవ్వింది. ఆ తర్వాత కావాలనే అలా అడిగేవారు, మేము "ఉడుకుతున్నాం" అని పలికేవాళ్ళం. క్లాసు ఎగ్గొట్టినవాళ్ళని ఎందుకు రాలేదని నిలదీసేవారు కాదు. "నిన్న నీ గొంతు లేక పాఠం చప్పగా ఉంది, ఉప్పు పట్టుకురా" అని వాయిస్ మెసేజి పెట్టేవారు. ఆ మెసేజి విని ఇంట్లో కూర్చోగలిగినవాళ్ళని నేను చూడలేదు.

రోడ్లు తెరిచాక ఒకసారి మా ఊరు వచ్చారు. జీపు దిగి, కింద వాగు దగ్గర నుంచి నా పేరు పిలిచారు. దట్టంగా మంచు. నేను పరిగెత్తబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. రెండోసారి పిలిచినా వదల్లేదు. మూడోది వినపడ్డాక అమ్మే "ఓయ్, రామ్మా" అని కేకేసింది. ఆవిడ ఆయాసపడుతూ పైకొచ్చి గుమ్మం ముందు నిలబడితే మా అమ్మ ముందు మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. టీచరమ్మ కనిపెట్టేశారు. అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి, రెండు పాదాలూ చాపి చూపించారు.

"బాగా చూసుకో వదినా. ఇవి వెనక్కి తిరిగాక మళ్ళీ వస్తాను, అప్పుడు పోల్చుకుందువు గాని."

"అప్పుడు రావద్దు. ఇప్పుడు అన్నం తిను" అంది మా అమ్మ. ఆ రోజు ఆ మాటకి పడీ పడీ నవ్వాం. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

నేను ఇంటర్ పాసయ్యాను. తర్వాత అదే కోర్సులో ఆవిడకి సహాయకురాలినయ్యాను. క్లాసుకి రానివాళ్ళకి ఫోన్ చెయ్యడం, అందరి సందేహాలూ పోగుచేసి ఆవిడకి చేరవెయ్యడం నా పని. ఈ ఏడు చేరినవాళ్ళలో చిలకమ్మ ఉంది. మా పక్క ఊరి కోడలు. చంకలో బిడ్డతో పాఠం వింటుంది. నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని, దానికి ఇంటర్ కావాలని చేరింది. మా కొండ మీద మా భాష మాట్లాడే నర్సు ఒక్కరూ లేరు. ఈసారి పరీక్ష రాయకపోతే ఇంక చదువు మాట ఎత్తకుండా తోటపనికి రావాలని వాళ్ళింట్లో ముందే చెప్పేశారు.

టీచరమ్మ చివరి క్లాసు తుపాను వానలో జరిగింది. కడుపులో బిడ్డ ఎలా బతుకుతుందన్నది పాఠం. ఆ బిడ్డకి గాలి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమని చిలకమ్మని పిలిచారు. చిలకమ్మ మా ఆనవాయితీ ప్రకారం మొదటి కేకకీ రెండో కేకకీ ఊరుకుంది. మూడోసారి పిలిచినప్పుడు నోరు తెరిచేసరికి ఆమె ఫోన్ ఆగిపోయింది. తుపానుకి కరెంటు పోయి ఎవరి ఫోన్‌కీ ఛార్జింగు లేదు, నాదీ మిగతావాళ్ళవీ అంతకుముందే ఆగిపోయాయి. కరెంటు తిరిగి వచ్చిన రోజునే ఆ కబురు కూడా వచ్చింది.

"మూడో పిలుపు నా మీద మిగిలిపోనాదక్కా" అంది చిలకమ్మ నాతో. "ఆయమ్మ పిలిస్తే నాను పలకనేదు. మనిసిని ఒగ్గీసినట్టయిపోనాది. పోనీ ఇప్పుడు పలుకుదామంటే, సచ్చిపోయినోళ్ళకి పలికినట్టవుతాది. ఏటి సెయ్యను?" ఆ రోజు పుస్తకం మూసిన చిలకమ్మ మళ్ళీ తెరవలేదు.

కొత్త టీచరు దొరికేదాకా పాత క్లాసుల రికార్డింగులు వినిపించమని ఆఫీసు నుంచి చెప్పారు. "గొంతు ఉంది, పాఠం ఉంది, ఇంక లోటేమిటమ్మా?" అన్నారు కోఆర్డినేటరు గారు. నాకు ఒళ్ళు మండింది. లోటేమిటో ఆ రికార్డింగు ఒక్కటి వింటే ఎవరికైనా తెలుస్తుంది. అందులో టీచరమ్మ గొంతు ఒక్కటే ఉంటుంది. మా గొంతులు రికార్డు కావు. ఆవిడ ఏం తిన్నారో చెబుతారు, ఎవరినో పిలుస్తారు, ఆగుతారు. ఆ ఖాళీలో ఏమీ ఉండదు. ఉన్నట్టుండి "భలే చెప్పావే!" అని నవ్వుతారు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో లేదు. మళ్ళీ పిలుస్తారు, మళ్ళీ ఆగుతారు. మా గుంటలు, అదే క్లాసు పిల్లలందరూ, ఒక్కొక్కరే వినడం మానేశారు. "ఆయమ్మ మాటాడతన్నారు గానీ మాతోటి కాదక్కా" అంది ఒక గుంట.

నేను నవ్వలేదు, ఎందుకంటే నా పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. పట్టపగలు అరుగు మీద కూర్చుని, ముందే ఫోన్లోకి దింపుకున్న ఒక పాత క్లాసు వింటుంటే ఆవిడ నా పేరు పిలిచారు. నేను "ఓయ్" అనబోయాను. మా అమ్మ గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి అల్లం వాసన. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం, ఫోన్లో ఆవిడ రెండోసారి పిలిచారు. ఇంకోసారి గట్టు మీద ఆవిడకి పెట్టిన పాత మెసేజిలు చూసుకుంటుంటే పేరు కింద "ఆన్‌లైన్" అని వచ్చింది. వాళ్ళబ్బాయి ఫొటోల కోసం ఫోన్ తెరిచి ఉంటాడు. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట మాయమయ్యేదాకా కళ్ళార్పకుండా చూశాను. ఏం తిన్నారు టీచరమ్మా అని రాసి, పంపకుండా చెరిపేశాను.

ఆ చివరి క్లాసు రికార్డింగు మాత్రం ఎవరూ వినలేదు. నేను ఒకసారి పెట్టి, చిలకమ్మ పేరు రెండోసారి పిలిచేదాకా విని ఆపేశాను. ఆ తర్వాతది వినే ధైర్యం నాకు లేదు.

పరీక్ష దగ్గరపడింది. టీచరమ్మ ఉంటే ఏం చేసేవారా అని ఆలోచించాను. చదువు, భవిష్యత్తు అని ఉపన్యాసం మాత్రం ఇచ్చేవారు కాదు. చిలకమ్మ ఇంటికి వెళ్ళాను. మా అమ్మ కూడా వచ్చింది.

"ఏటి తిన్నావు?" అని అడిగాను.

దానికే ఏడ్చేసింది. కూడు సయించడం లేదంది. పొయ్యి దగ్గర కూర్చున్నా, బిడ్డకి పాలిస్తున్నా ఆ రెండు కేకలే వినపడుతున్నాయంది. మూడోది వినపడేలోపు చెవులు మూసుకుంటోందట.

మా అమ్మ ఆ పిల్ల పక్కన చతికిలబడింది. "ఒసే, నానొకటి అడుగుతాను సెప్పు. ఆయమ్మ ఆ మూడో కేక ఎప్పుడేసింది? సచ్చాకా, బతికుండగానా?"

"బతికుండగానే."

"మరింకేటి? అది మనిసి కేకే. మనిసి కేకకి ఆలీసంగా పలికినా తప్పు నేదు. పలక్కుండా ఒగ్గీడమే తప్పు."

నా బుర్రకి ఇన్ని రోజులూ తట్టలేదు.

మర్నాడు పొద్దున చిలకమ్మ మా ఇంటికి వచ్చింది. తుపాను ఎప్పుడో పోయింది, ఎండ బాగా కాస్తోంది, వాకిట్లో పరిచిన కాఫీ గింజలు పెళపెళలాడుతున్నాయి. మా అమ్మ బిడ్డని ఎత్తుకుంది. ఫోన్ అరుగు మీద పెట్టి ఆ రికార్డింగు మొదలుపెట్టాను. ముందు రేకుల మీద వాన హోరు. దాని మీద టీచరమ్మ గొంతు, కొంచెం అలిసిపోయి. "కరెంటు లేదు, పొయ్యి మీద ఉప్మా చేసుకున్నాను. అడుగంటింది. ఉడుకుతున్నారా?" ముగ్గురం ఒకేసారి తలలు ఊపాం. పాఠం నడిచింది. ప్రశ్న వచ్చింది.

"చిలకమ్మా."

వాన.

"చిలకమ్మా."

చిలకమ్మ చేతులు చెవుల దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"చిలకమ్మా!"

"ఓయ్ టీచరమ్మా" అంది. గొంతు సరిగా పెగల్లేదు. "బిడ్డకి యేరే గాలుండదు టీచరమ్మా. తల్లి పీల్సిందే బిడ్డకి. నెత్తుట్లో కలిసి బొడ్డుపేగులోంచి ఎల్తాది."

ఫోన్లో వాన కురుస్తోంది. తర్వాత టీచరమ్మ అన్నారు:

"గట్టిగా చెప్పమ్మా. ఇక్కడ వాన, ఏమీ వినపడ్డం లేదు."

మా అమ్మ బిడ్డని గుండెలకి అదుముకుంది. చిలకమ్మ లేచి నిలబడింది. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషికి చెప్పినట్టు, మెడనరాలు ఉబికేలా, మొత్తం మళ్ళీ అరిచి చెప్పింది. బిడ్డకి వేరే గాలి ఉండదని. తల్లి పీల్చిందే బిడ్డకి అని.

మళ్ళీ వాన. చాలాసేపు ఒట్టి వాన. ఆ తర్వాత టీచరమ్మ తనలో తాను అనుకున్నట్టు, మెల్లగా అన్నారు.

"చెప్పే ఉంటుంది. నాకే వినపడలేదు."

చిలకమ్మ కూర్చుండిపోయింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి పుస్తకం తీసి ఆ పాఠం ఉన్న పేజీ తెరిచింది. రికార్డింగు ఆపమని ఎవరూ అనలేదు. మా వాకిట్లో గింజలు ఎండలో ఆరుతున్నాయి, ఫోన్లో వాన కురుస్తూనే ఉంది.